మోర్డోర్ దేశమును చూచి వచ్చిన ఆచార్యుడు

ఆంగ్ల సాహిత్యముతో పరిచయమున్న మన విద్యార్థులకు మిల్టను మహాకవి చిత్రించిన నరకము కొత్త కాదు. ఇటలీ కవి దాంతే వర్ణించిన నరకమును గురించి కూడ వారు ఉపాధ్యాయుల నోట వినియే యుందురు. ఇరువదవ శతాబ్దములో అదే ఆంగ్ల సాహిత్యమున మరియొక భయంకర లోకము పుట్టినది. దాని పేరు మోర్డోర్. ఇది నరకము వలె చనిపోయిన వారు చేరుకొను చోటు కాదు. బ్రతికియున్న వారు కాలినడకన, ఆకలి దప్పులతో నడిచి పోవలసిన దేశము. దానికి పటమున్నది, ఎల్లలున్నవి, దారులున్నవి, చివరకు పంటపొలములు కూడ ఉన్నవి. దానిని సృష్టించినవాడు వృత్తిచేత ప్రాచీన భాషలు బోధించు ఆచార్యుడు. పేరు జాన్ రోనాల్డ్ రూయల్ టోల్కీన్. ఆయన జీవితమును చదివినకొలది, ఈ దేశమును ఆయన ఊహించినాడనుట కంటె చూచి వచ్చినాడనుటయే సబబని నాకు తోచినది.

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్', అనగా 'ఉంగరముల ప్రభువు', అను ఆయన బృహద్గ్రంథమును చదువని వారి కొరకు ఆ దేశపు రూపురేఖలు కొంచెము చెప్పవలెను. ఉత్తరమున బూడిద కొండలు, పడమటను దక్షిణమునను నీడ కొండలు కోటగోడల వలె నిలిచియున్నవి. వాయవ్య మూలలో ఈ రెండు వరుసలు దగ్గరగు చోట నల్లని ఇనుప ద్వారము. లోపల గోర్గోరోత్ అను పీఠభూమి, అంతయు బూడిద, గుంటలు, కాలిన రాళ్లు. దాని నడుమ నిప్పులు గ్రక్కు కొండ. ఆవల బరద్-దూర్ అను చీకటి కోట. ఆ కోటలో నుండి లోకమును జయింపజూచు దుష్టప్రభువు పేరు సౌరోన్. (మన సౌర శబ్దముతో ఈ పేరునకు ఏమియు చుట్టరికము లేదు, విద్యార్థులు పొరబడరాదు.) అతడు తన శక్తిలో పెద్ద పాలు పోసి, ఆ నిప్పుకొండలోనే ఒక ఉంగరమును చేసికొన్నాడు. పోగొట్టుకొన్నాడు. అది చివరకు ఫ్రోడో అను ఒక హాబిట్ చేతికి వచ్చినది. హాబిట్లనగా మనలో సగమెత్తు ఉండి, తోటలు పెంచుకొనుచు, కడుపునిండ తినుచు సుఖముగా బ్రతుకు చిన్న మనుషులు. ఉంగరమును నాశనము చేయుటకు ఒకటే ఉపాయము. అది పుట్టిన మంటలోనే దానిని పడవేయవలెను. కావున ఫ్రోడో, అతని తోటమాలియైన సామ్, ఇద్దరును శత్రువు నట్టింటికి నడిచిపోయినారు. కథ ఇంతే. మిగిలినదంతయు ఆ నడకయే.

మోర్డోర్ అను మాటకు టోల్కీన్ కల్పించిన యక్షభాషలో నల్లని దేశమని అర్థము. అయితే ప్రాచీనాంగ్లములో 'మోర్థోర్' అను మాట కలదు. దానికి హత్య అని అర్థము. ఆ భాషను దశాబ్దముల పాటు బోధించిన ఆచార్యుని చెవికి ఈ ధ్వని తట్టలేదని నమ్ముట కష్టము.

ఆయన 1892వ సంవత్సరము జనవరి 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటేన్ నగరములో జన్మించినాడు. తండ్రి ఆర్థర్ ఇంగ్లండు నుండి పోయి అక్కడ బ్యాంకు మేనేజరుగా పనిచేయుచుండినాడు. పసివాడుగా ఉండగా ఇంటితోటలో ఒక పెద్ద సాలెపురుగు బిడ్డను కరచినదట. దాది విషమును నోటితో పీల్చివేసినదట. మోర్డోర్ కనుమలో కాపున్న రాకాసి సాలెపురుగు పుట్టుక ఇదియేయని కొందరు విమర్శకులు సంబరపడుదురు. నాకు అంత నమ్మకము లేదు. ఆ కాటు తనకు జ్ఞాపకమే లేదని ఆయన స్వయముగా చెప్పియున్నాడు. బాల్యములో ఆయనను నిజముగా కరచినది వేరొకటి.

1895లో తల్లి మేబెల్ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని ఇంగ్లండు వచ్చినది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో అక్కడ తండ్రి జ్వరముతో మరణించినాడు. చేతిలో పెద్దగా డబ్బు లేని ఆ తల్లి, బర్మింగ్‌హామ్ నగరమునకు వెలుపల సేర్‌హోల్ అను పల్లెలో చిన్న ఇల్లు అద్దెకు తీసికొన్నది. ఎదుట పచ్చికబయలు, వాగు, వాగుపై నీటిమర, చుట్టును చెట్లు. పిండి దుమ్ముతో నిలువెల్ల తెల్లబడిన మరవాని కొడుకును చూచి అన్నదమ్ములిద్దరును దడిసి, అతనికి తెల్ల రాక్షసుడని పేరు పెట్టినారు. అక్కడ ఉన్నది నాలుగేండ్లు మాత్రమే. కాని ఆ నాలుగేండ్ల పల్లెయే తరువాత హాబిట్ల దేశమైనది.

ఆ పల్లెకు కొన్ని మైళ్ల దూరముననే, నగరమునకు వాయవ్యముగా, బ్లాక్ కంట్రీ అను ప్రాంతమున్నది. పేరునకు అర్థము నల్లని దేశమే! బొగ్గుగనులు, ఇనుప కొలుములు, గొలుసులు చేయు కార్ఖానాలు. పగటివేళ పొగ సూర్యుని కప్పివేసెడిది. రాత్రివేళ కొలుముల వెలుగు మేఘములపై కనుపించెడిది. 1900లో తల్లి చదువుల కొరకు పిల్లలను నగరములోనికి తెచ్చినది. పచ్చికబయలు పోయి, ఇంటి వెనుక రైలుబండ్లు, బొగ్గు పెట్టెలు వచ్చినవి. 1904లో, ఆయనకు 12 ఏండ్ల వయసున, తల్లియు మధుమేహముతో కన్నుమూసినది. ఇన్సులిను ఇంకను కనుగొనబడని రోజులవి. పల్లె, తల్లి, రెండును ఒకటిగనే పోయినట్లు ఆ బాలుని మనస్సున నాటుకొన్నది. 1933లో ఆయన తన బిడ్డలను వెంటబెట్టుకొని ఆ దారిన పోయినప్పుడు సేర్‌హోల్‌ను నగరము మ్రింగివేసియుండెను. చెట్లు కొట్టివేయుట ఆయన గ్రంథములలో ఎప్పుడును చిన్న నేరము కాదు.

తల్లి పోయిన పిమ్మట ఫ్రాన్సిస్ మోర్గన్ అను క్యాథలిక్ మతాచార్యుడు సంరక్షకుడై చదివించినాడు. అనాథయైన ఎడిత్ బ్రాట్‌తో పరిచయము, 21 ఏండ్లు నిండువరకు ఆమెకు ఉత్తరము కూడ వ్రాయరాదని సంరక్షకుని ఆజ్ఞ, ఆ వయసు నిండిన రాత్రియే ఉత్తరము వ్రాయుట, 1916 మార్చిలో వివాహము, ఇవన్నియు వేరుగా ఒక కథ కాదగినవి. 1915లో ఆక్స్‌ఫర్డులో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు. బర్మింగ్‌హాము పాఠశాలలో ఆయనకు ముగ్గురు ప్రాణస్నేహితులుండిరి: గిల్సన్, స్మిత్, వైజ్‌మన్. పాఠశాల గ్రంథాలయములో దొంగచాటుగా టీ కాచుకొని త్రాగుచు కవిత్వము మాటలాడుకొన్న కుఱ్ఱలు. తాము నలుగురును కలిసి లోకమునకు ఏదియో గొప్ప వెలుగు తేగలమని వారికి గట్టి నమ్మకము. మొదటి ప్రపంచ సంగ్రామము ఆ నమ్మకమునకు వయసు రానీయలేదు.

వివాహమైన మూడు నెలలకే, 1916 జూన్‌లో, టోల్కీన్ లంకాషైర్ ఫ్యూజిలియర్స్ దళములో సంకేతాధికారిగా ఫ్రాన్సుకు పోయినాడు. టెలిఫోను తీగలు, జెండాలు, దీపములు, వార్తాపావురములు ఆయన పని. జూలై 1న సోమ్ నదీతీర యుద్ధము ప్రారంభమైనది. ఆ ఒక్క దినముననే బ్రిటిషు సైన్యములో 19 వేలకు పైగా చనిపోయినారు. గాయపడినవారిని కూడ కలిపినచో సుమారు 57 వేలు. చనిపోయినవారిలో గిల్సన్ ఒకడు. జూలై మధ్యలో టోల్కీన్ దళము ఒవిలేర్ అను గ్రామము కొరకు పోరాడినది. గ్రామమనుట పేరునకే, ఇటుకపొడి తప్ప అక్కడ ఏమియు మిగులలేదు. ఆ జూలై 14ననే, కొద్ది మైళ్ల దూరమున హైవుడ్ అను అడవి వద్ద, పూర్వము హైదరాబాదు కంటింజెంటులో పుట్టిన దక్కను హార్స్ అశ్వదళము ఈటెలతో శత్రువులపైకి దూకినది. మన నేలతో ముడిపడిన దళమొకటి కూడ ఆ బురదను త్రొక్కినదని మన చరిత్ర పాఠములలో అరుదుగా చెప్పుదుము.

ఆ నేల ఎట్లుండెనో తలచుకొనవలెను. ఫిరంగి గుండ్లు పడిన చోట్ల బావులంతేసి గుంటలు. వానకు అవి నిండెడివి. గాయపడి అందులో జారినవారు పైకి రాలేకపోయెడివారు. చెట్లు మోడులైనవి. గడ్డి మొలవదు. నీరు కుళ్లు, గాలి విషవాయువు. ఇప్పుడు గ్రంథమును తెరచి చూడుడు. మోర్డోర్ ద్వారమునకు పోవు దారిలో మృతుల చిత్తడినేల ఒకటి వచ్చును. అందలి నీటి అడుగున ప్రాచీన యుద్ధములో పడిన వీరుల ముఖములు కనుపించును. మంచివారి ముఖములు, చెడ్డవారి ముఖములు, అన్నియు ఒకే తీరుగ వెలవెలబోయి ఉండును. దానిని దాటిన పిమ్మట ద్వారము ముందట బూడిద గుట్టలు, విషపు మడుగులు. ఈ రెండు ఘట్టములు సోమ్ యుద్ధానంతరపు ఉత్తర ఫ్రాన్సునకు కొంత ఋణపడియున్నవని ఆయన 1960లో ఒక లేఖలో ఒప్పుకొన్నాడు. తన గ్రంథమునకు జీవితములో మూలములు వెదకుట ఆయనకు ఎంతమాత్రము గిట్టదు. అట్టివాడు ఒప్పుకొన్నాడనగా ఆ ముఖములను ఎంతగా మరువలేకపోయినాడో ఊహించుకొనవచ్చును.

అక్టోబరు చివర పేలవలన వచ్చు కందకజ్వరము సోకి, నవంబరులో ఆయనను ఓడమీద ఇంగ్లండుకు పంపినారు. ఆ జ్వరమే ప్రాణము నిలిపినదనవలెను. డిసెంబరులో స్మిత్ గుండు తునక గాయముతో మరణించినాడు. చనిపోవుటకు ముందు అతడు టోల్కీన్‌కు వ్రాసిన లేఖ ఒకటి ఉన్నది. తాను లేకపోయినను, తామందరు చెప్పదలచిన దానిని బ్రతికినవాడు చెప్పవలెనని దాని సారాంశము. నలుగురిలో మిగిలినది టోల్కీన్, వైజ్‌మన్, ఇద్దరే.

చెప్పుటకు చాల కాలము పట్టినది. ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువులో కొంతకాలము పనిచేసి, లీడ్స్ విశ్వవిద్యాలయములో బోధించి, 1925లో 33 ఏండ్ల వయసున ఆయన ఆక్స్‌ఫర్డులో ప్రాచీనాంగ్ల ఆచార్యుడైనాడు. 1959లో విరమించువరకు అక్కడనే ఉన్నాడు. 1936లో 'బేవుల్ఫ్' కావ్యమును గురించి చేసిన ఉపన్యాసము ఆ కావ్యవిమర్శకే దారి మార్చినది. అందులో రాక్షసులు అనవసరపు అలంకారములు కారని, కావ్యమునకు వారే ప్రాణమని వాదించినాడు. నలుగురు పిల్లల తండ్రి కనుక సెలవులలో అదనపు రాబడికై పాఠశాల పరీక్షపత్రములు దిద్దెడివాడు. 1930 ప్రాంతమున అట్లు దిద్దుచుండగా ఒక విద్యార్థి ఒక పుట ఖాళీగా వదలివేసినాడు. విసిగిన పరీక్షకుడు ఆ ఖాళీ పుటమీద, నేలలో కన్నము చేసికొని ఒక హాబిట్ నివసించుచుండెనను భావము గల వాక్యమొకటి వ్రాసినాడు. హాబిట్ అనగా ఏమో అప్పటికి ఆయనకే తెలియదు! పత్రములు దిద్ది దిద్ది కన్నులు కాయలు కాచిన మా బోటివారికి ఈ ముచ్చట ఎంత హాయి గొలుపునో చెప్పనలవి కాదు. 1937లో 'ది హాబిట్' వెలువడినది. ఆ వ్రాతప్రతిని ప్రకాశకుని పదేండ్ల కుమారుడు రేనర్ అన్విన్ చదివి బాగున్నదనగా అచ్చువేసినారు.

ఆ ఏటి డిసెంబరులోనే దానికి ఉత్తరకథగా 'ఉంగరముల ప్రభువు' ప్రారంభమైనది. పిల్లల కథగా మొదలైనది నెమ్మదిగా చీకటి వైపు తిరిగినది. 1944 వసంతములో ఫ్రోడో, సామ్ మోర్డోర్ వాకిలికి నడచు అధ్యాయములు వ్రాయుచున్నప్పుడు, మూడవ కుమారుడు క్రిస్టఫర్ వైమానిక దళములో శిక్షణ పొందుచు దక్షిణాఫ్రికాలో ఉండెను. తాను పుట్టిన దేశములో, మరియొక యుద్ధమునకు సిద్ధపడుచున్న తన బిడ్డకు, తండ్రి ఈ అధ్యాయములను ఒక్కొక్కటిగా తపాలాలో పంపినాడు. ఫ్రోడో శత్రువుల చేత చిక్కిన చోట ఆ భాగము ఆగినది. మోర్డోర్ లోపలి నడకను వ్రాసి ముగించుటకు 1948 వచ్చినది.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. గ్రంథము వెలువడగనే పాఠకులలో చాలమంది మోర్డోర్ అనగా హిట్లరు జర్మనీ అన్నారు. తూర్పున ఉన్నది కనుక రష్యా అన్నారు. ఉంగరము అణుబాంబు అన్నారు. వ్రాసినవాడు వేనిని ఒప్పుకొనలేదు. ఆయనకు హిట్లరుపై ప్రేమయుండి కాదు. 1938లో ఒక జర్మను ప్రచురణసంస్థ 'ది హాబిట్' అనువాదమునకు ముందుగా తాము ఆర్యసంతతి వారా యని అడిగినప్పుడు, ఆర్య శబ్దము భారత పారశీక భాషాకుటుంబమునకు చెందినదని గుర్తుచేసి, యూదులను గురించి అడుగుచున్నచో అంతటి ప్రతిభావంతుల రక్తము తనలో లేనందుకు విచారించుచున్నానని ఘాటుగా జాబు సిద్ధము చేసినాడు. అయినను శత్రుదేశమంతయు మోర్డోర్ అనుటకు ఆయన మనస్సు ఒప్పలేదు. నిజజీవితములో కథలోని క్రూరభటులవంటివారు రెండు పక్షములలోను ఉందురని కుమారునికి వ్రాసినాడు. తరువాత 1966 నాటి ముద్రణ పీఠికలో, ఈ కథ రెండవ ప్రపంచ యుద్ధమునకు నకలైనచో ఉంగరమును నాశనము చేయుటకు బదులు శత్రువుపై ప్రయోగించియుందురని, చీకటి కోటను కూల్చుటకు బదులు ఆక్రమించియుందురని తేల్చిచెప్పినాడు. ఇది స్వపక్షముపై ఎంత తీవ్రమైన విమర్శయో గమనింపుడు.

మోర్డోర్ భటులను ఆయన వికారులుగా, క్రూరులుగా చిత్రించినాడు, నిజమే. అయినను ఆ కనుమ గోపురము వద్ద ఇద్దరు దళనాయకులు తమ పైవారిని తిట్టుకొనుచు, యుద్ధమైన తరువాత ఈ పీడ వదలించుకొని ఎక్కడికైన పోయి బ్రతుకుదమని గుసగుసలాడుకొను ఘట్టమొకటి ఉన్నది. కందకములలో అట్టి మాటలను ఆయన ఎన్నిసార్లు వినియుండెనో! మరియొక చోట సామ్ తన కాళ్ల దగ్గర కూలిన శత్రుసైనికుని చూచి, ఇతని పేరేమో, ఇతడు నిజముగా చెడ్డవాడో, బెదిరించి తెచ్చినారో యని తలపోయును. సామ్ పాత్రకు మూలము తాను 1914 నాటి యుద్ధములో ఎరిగిన సామాన్య సిపాయిలేనని ఆయన చెప్పెడివాడు.

అట్లని లోపము లేదనను. ఆ గ్రంథమున శత్రువుతో చేరినవారు తరచు తూర్పు నుండి, దక్షిణము నుండి వత్తురు. వారి మేనిఛాయ నలుపు. తూర్పుదేశపు పాఠకుడు ఆ పుటల వద్ద ఒక క్షణము ఆగక తప్పదు. పుట్టుకతోనే చెడ్డదైన జాతి ఒకటి ఉండగలదా యను ప్రశ్న ఆయనను కూడ చివరి వరకు బాధించినది. ఎన్నో సమాధానములు వ్రాసికొన్నాడు గాని ఒకదానిపై నిలువలేకపోయినాడు.

మన వాల్మీకి లంకను కుబేరుని అలక వలె కట్టినాడు. హనుమంతుడే దాని శోభకు అచ్చెరువందినాడు. మోర్డోర్‌లో శోభ లేదు. భయానకము, బీభత్సము మాత్రమే యని మొదట తోచును. కాని అంత పెద్ద సేనలు ఏమి తినును? టోల్కీన్ ఈ ప్రశ్న వేసికొన్నాడు. దేశపు దక్షిణభాగమున నూర్న్ అను ప్రాంతమును, నూర్నెన్ అను పెద్ద ఉప్పు సరస్సును, దాని చుట్టును బానిసలు సాగుచేయు విశాలమైన పొలములను పటములో పెట్టినాడు. సామ్, ఫ్రోడోలు వానిని చూడనే లేదు. ఒకటి రెండు వాక్యములలో ప్రస్తావన మాత్రమే. కథాంతమున సౌరోన్ నశించిన పిమ్మట రాజైన అరగోర్న్ ఆ బానిసలను విడిపించి, సరస్సు చుట్టునున్న భూములను వారికే ఇచ్చివేయును. శ్రీరాముడు లంకను విభీషణునికి ఇచ్చినాడు. ఇక్కడ నేల దున్నినవానికే దక్కినది. ఈ ఒక్క వాక్యమును వేగముగా చదువువారు దాటిపోవుదురు.

గెలుపు కూడ యథాతథముగా లేదు. నిప్పుకొండ అంచున నిలిచి ఫ్రోడో ఉంగరమును పారవేయలేకపోయినాడు, తనదేనన్నాడు. దానిని చిరకాలము మోహించిన గొల్లమ్ అను దీనుడు అతని వ్రేలిని కొరికి ఉంగరముతో మంటలో పడినాడు. మునుపు అవకాశమున్నను ఫ్రోడో దయతలచి చంపక విడిచినవాడే ఆ గొల్లమ్. ఇల్లు చేరిన ఫ్రోడోకు మునుపటి సుఖము దక్కలేదు. పాత గాయము ఏటేట సలిపినది. చివరకు స్వదేశమును విడిచి ఓడనెక్కినాడు. యుద్ధము నుండి తిరిగివచ్చియు తిరిగిరాని వారిని చూచినవాడు గాని ఈ ముగింపు వ్రాయలేడు.

గ్రంథము 1949లో పూర్తియైనను అచ్చునకు మరి ఐదేండ్లు పట్టినది. కాగితము ఖరీదు, గ్రంథము పెద్దది. నాటి పదేండ్ల రేనర్ ఇప్పుడు ప్రకాశకుడు. వేయి పౌండ్లు నష్టము రావచ్చునని లెక్కవేసియు అచ్చువేయుటకే నిశ్చయించినాడు. 1954, 55 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడినది. నష్టము మాట అటుంచి, దానికి వచ్చిన కీర్తి వృద్ధాచార్యుని ఇంట టెలిఫోనును కూడ నిద్రపోనీయలేదు. 2001 నుండి 2003 వరకు వచ్చిన మూడు చలనచిత్రములలో మోర్డోర్‌ను న్యూజిలాండు అగ్నిపర్వత ప్రాంతములో చిత్రీకరించినారు. మన పిల్లలలో చాలమందికి ఆ దేశము తెర మీదనే పరిచయము.

1971లో ఎడిత్ మరణించినది. 1973 సెప్టెంబరు 2న బోర్న్‌మత్ పట్టణములో టోల్కీన్ 81 ఏండ్ల వయసున మరణించినాడు. ఆక్స్‌ఫర్డు శివారున వుల్వర్‌కోట్ శ్మశానములో ఇద్దరిని ఒకేచోట ఖననము చేసినారు. ఆయన మిగిల్చిన కాగితములను, నాడు దక్షిణాఫ్రికాలో ఆ అధ్యాయములు అందుకొన్న క్రిస్టఫర్, 2020లో తాను మరణించువరకు సరిచేసి ప్రకటించుచునే వచ్చినాడు. సేర్‌హోల్ పల్లె ఇప్పుడు లేదు, నగరములో కలిసిపోయినది. నీటిమరను మాత్రము బాగుచేసి, 1969లో, టోల్కీన్ బ్రతికియుండగనే, ప్రదర్శనశాలగా తెరచినారు.